ఫ్రీలాన్స్ పని పెరుగుతోంది సరే, పని లేని నెలల సంగతేమిటి?

కాకినాడ కలం (చర్చ ప్రారంభం):

అందరికీ నమస్కారం. హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను పదకొండేళ్లుగా టెక్నికల్ రైటర్‌గా పనిచేస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో వాడేవారికి అర్థమయ్యేలా రాసిపెట్టడం నా పని. రెండేళ్లుగా సాయంత్రాలూ, శని ఆదివారాలూ ఇదే పనిని బయటివారికి కూడా చేసిపెడుతున్నాను. జర్మనీ నుంచి ఒకటి, బెంగళూరు నుంచి రెండు సంస్థలు పని ఇస్తున్నాయి. గడిచిన ఆరు నెలల్లో మూడు నెలలు బయటి ఆదాయం నా జీతాన్ని దాటింది. ఒక నెల మాత్రం రూపాయి కూడా రాలేదు. ఉద్యోగం వదిలి పూర్తిగా ఫ్రీలాన్సింగ్‌లోకి రావాలని ఉంది. ఇంటి రుణం ఇంకా తొమ్మిదేళ్లు మిగిలి ఉంది, పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు, ఇంట్లో సంపాదన నాదొక్కడిదే.

నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2020-21లో 77 లక్షలుగా ఉన్న గిగ్ కార్మికుల (నెలజీతం లేకుండా పనిపనికీ డబ్బు తీసుకునేవారి) సంఖ్య 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరుతుందట. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ధైర్యం వస్తోంది కానీ మా నాన్నగారికి రావడం లేదు. "ఒకటో తారీఖున జీతం పడే చోటు వదులుకుని, ఎప్పుడిస్తారో తెలియని వాళ్ల వెంట తిరుగుతావా?" అని ఆయన అడిగితే నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఈ దారిలో ఇప్పటికే ఉన్నవారు తమ అనుభవం చెప్పండి.

పదబంధం (విజయవాడ):

కలం గారూ, ముందుగా ఆ 2.35 కోట్ల సంగతి చూద్దాం. ఆ లెక్కలో క్యాబ్ నడిపేవారూ, భోజనం పొట్లాలు ఇంటికి చేర్చేవారూ, గిడ్డంగులలో రోజువారీ పనిచేసేవారూ కూడా ఉన్నారు. వారి సంఖ్య పెరగడానికీ, మీ చేతికి జర్మనీ నుంచి మరో పని రావడానికీ సంబంధం లేదు. కనుక ఆ అంకెను మీ ధైర్యానికి ఆధారం చేసుకోకండి. మీకు ఆధారం ఆ మూడు సంస్థలే. వాటిలో ఒకటి రేపు ఆగిపోతే ఏమవుతుందన్నదే మీరు వేసుకోవలసిన లెక్క.

నేను పద్నాలుగేళ్లుగా ఆంగ్లం నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. చాలామంది ఇది ఇంటర్నెట్ తెచ్చిన పద్ధతి అనుకుంటారు. కాదు. మా మామయ్య కృష్ణా జిల్లాలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా ఉండేవారు. ఆయనకు జీతం లేదు. అచ్చయిన వార్తను నెలాఖరున కొలిచి డబ్బు ఇచ్చేవారు, దానిని లైన్ అకౌంట్ అనేవారు. పంపిన వార్త అచ్చుకాకపోతే బస్సు చార్జీ కూడా ఆయన జేబులోంచే పోయేది. ఆయన కత్తిరించి పెట్టుకున్న వార్తల కట్టలు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. ఇంటర్నెట్ మార్చినదల్లా పని ఇచ్చేవాడి దూరాన్ని. పని ఇచ్చేవారినీ చేసేవారినీ కలిపే వెబ్‌సైట్లు వచ్చాయి. 1999లో మొదలైన ఈలాన్స్, తరువాత వచ్చిన ఓడెస్క్ కలిసి 2015లో అప్‌వర్క్‌గా మారాయి. 2010లో ఫైవర్ వచ్చింది. వాటివల్ల విజయవాడలో కూర్చుని విదేశీ ఏజెన్సీకి పనిచేయడం సాధ్యమైంది. అదే వీలు లక్షలమందికి కలగడంతో ధరలో పోటీ కూడా ప్రపంచమంత అయింది. పైగా ఫైవర్ వంటి చోట మన ఆదాయంలో 20 శాతం వేదికకే పోతుంది.

పద్దుపుస్తకం (గుంటూరు):

నేను పన్నుల లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను. కలం గారు జీతాన్నీ బయటి ఆదాయాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. ఆ పోలిక సరికాదు. మీ జీతంతోపాటు సంస్థ భవిష్యనిధికి 12 శాతం వాటా కడుతోంది, ఏటా గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే మొత్తం) పోగవుతోంది, కుటుంబానికి ఆరోగ్య బీమా ఉంది, సెలవు పెట్టిన రోజుకు కూడా డబ్బు వస్తోంది. ఇవన్నీ కలిపితే వచ్చే మొత్తాన్ని బయటి ఆదాయం దాటాలి, అది కూడా ఆరు నెలల సగటుగా కాక కనీసం రెండేళ్ల సగటుగా.

ఇక పన్ను విషయం ఫ్రీలాన్సర్లకు నిజంగా అనుకూలంగా ఉంది, తెలిసి వాడుకునేవారే తక్కువ. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అనే సెక్షన్ ఉంది. 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యే కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారినా వెసులుబాటు కొనసాగుతుంది. దాని ప్రకారం, నిర్దేశించిన వృత్తులలో ఉన్నవారు ఏడాదికి 50 లక్షల వరకూ, నగదు రూపంలో వచ్చినది 5 శాతం మించకపోతే 75 లక్షల వరకూ, వచ్చిన మొత్తంలో సగాన్ని లాభంగా చూపి పన్ను కట్టవచ్చు. ఖాతా పుస్తకాలు నిర్వహించనక్కరలేదు. ఉదాహరణకు మీకు ఏడాదికి 18 లక్షలు వచ్చాయనుకోండి. 9 లక్షలు లాభంగా లెక్కిస్తే, వేరే ఆదాయం లేకపోతే, 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకూ రాయితీ ఉన్నందున కట్టవలసిన పన్ను ఏమీ ఉండదు. క్లయింటు చెల్లింపులోంచి ముందే 10 శాతం పన్ను (టీడీఎస్) కోసుకుని ఉంటే, రిటర్ను వేసి అది వెనక్కు తెచ్చుకోవచ్చు. పన్ను కట్టవలసి వచ్చేవారు మాత్రం మార్చి 15లోగా ముందస్తు పన్ను మొత్తం ఒకే విడతగా చెల్లించాలి.

ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, చట్టం పేర్కొన్న జాబితాలో న్యాయ, వైద్య, ఇంజినీరింగ్, సాంకేతిక సలహా, ఐటీ వంటి వృత్తులు ఉన్నాయి తప్ప రచన, అనువాదం అన్న పేర్లు విడిగా లేవు. మీ పని ఏ తలుపులోంచి లోపలికి వెళ్తుందో మీ ఆడిటర్‌తో ముందే తేల్చుకోవాలి. రెండవది, సగమే ఆదాయమని చూపినవారికి బ్యాంకు కూడా ఆ సగాన్నే చూసి రుణం ఇస్తుంది. అదీగాక స్వతంత్రంగా పనిచేసేవారిని బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. మీకు మరో రుణం అవసరమయ్యే సూచన ఉంటే ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి.

జీఎస్టీలో చాలామంది పొరబడేది ఒకే చోట. 20 లక్షల పరిమితి లాభానికి కాదు, మొత్తం రాబడికి. విదేశాల నుంచి వచ్చినది కూడా ఆ లెక్కలోకి వస్తుంది. విదేశీ సేవలపై పన్ను సున్నా కదా అని దానిని వదిలేసి లెక్కవేసినవారికి నోటీసులు రావడం నా కళ్లతో చూశాను. నమోదు అయినవారు ఏటా ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేస్తే, విదేశీ బిల్లులపై పన్ను కట్టకుండానే సేవలు ఎగుమతి చేయవచ్చు. డబ్బు విదేశం నుంచి వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రాన్ని ప్రతిసారీ దాచుకోండి.

ఆల్బమ్ చిన్నోడు (రాజమహేంద్రవరం):

పెద్దలందరికీ నమస్కారం. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. నాకు క్లయింట్లు విదేశాల్లో లేరు. మండపేట, రావులపాలెం, తుని వైపు ఉన్న ఫొటో స్టూడియోల వారే హార్డ్ డిస్క్ బస్సులో పంపిస్తారు.

పని లేని నెలల గురించి అడిగారు కనుక చెబుతున్నాను. మాకు అవి పంచాంగంలోనే రాసి ఉంటాయి. ఆషాఢం, శూన్యమాసం ఎటూ తప్పవు. వాటికి మూఢం కూడా తోడైతే ఇక అంతే. 2024లో గురు, శుక్ర మూఢాల వల్ల మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేవు. అసలు మాకు ఏడాది తిండి పెట్టేవే ఆ వేసవి నెలలు. ఆ ఏడాది ఉగాదికి ముందే మా స్టూడియో అన్న పంచాంగం తీసుకొచ్చి, "తమ్ముడూ, ఈసారి మాఘ, ఫాల్గుణాలలో వచ్చినదంతా దాచిపెట్టుకో" అని చెప్పారు. నేను వినలేదు, కొత్త కంప్యూటర్ కొన్నాను. జూన్‌లో దాని వాయిదా కట్టడానికి చెల్లెలి గొలుసు తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఇప్పుడు పంచాంగం నేనే ముందుగా కొంటున్నాను. నా ఖర్చును పన్నెండు నెలలకు కాక ఏడు నెలల సంపాదనకు సరిపడేలా వేసుకుంటున్నాను. మూఢం వచ్చినప్పుడు బారసాల, ఓణీల ఫంక్షన్ వీడియోలూ, పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చే పనులూ ఒప్పుకుంటున్నాను. వాటికి వచ్చేది తక్కువే అయినా వాయిదా ఆగదు.

పదబంధం:

చిన్నోడు గారూ, ఈ చర్చలో ఇంతవరకూ వచ్చిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చే మాట మీదే. మా వృత్తిలోనూ మూఢాలు ఉన్నాయి కానీ వాటికి పంచాంగం లేదు.

రాత్రిదీపం (అమీర్‌పేట):

మన తెలుగువారి ఫ్రీలాన్సింగ్ గురించి మాట్లాడుతూ జాబ్ సపోర్ట్ ఊసెత్తకపోతే చర్చ సగమే అవుతుంది. అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరి, అప్పజెప్పిన పని చేతకాని వ్యక్తి హైదరాబాదులో ఒకరిని నెలకింతని మాట్లాడుకుంటాడు. రాత్రి తొమ్మిదికి స్క్రీన్ తెరిచి ఇస్తాడు, మనం పనిచేసి పెడతాము. నేను నాలుగేళ్లు చేశాను. పగటి ఉద్యోగం కంటే ఎక్కువే వచ్చింది. ఒక రోజు అవతలి వ్యక్తి ఫోను ఎత్తడం మానేశాడు, రెండు నెలల డబ్బు పోయింది. ఎవరికి చెప్పుకోగలను? ఒప్పందం లేదు, బిల్లు లేదు, చేసిన పని కూడా చేసినట్టు చెప్పుకోదగినది కాదు. నాలుగేళ్ల అనుభవాన్ని బయోడేటాలో ఒక్క వాక్యంగా కూడా రాసుకోలేకపోయాను. ఆదాయం ఉన్నంత మాత్రాన దానిని వృత్తి అనలేమని నాకు అప్పుడు తెలిసింది.

డల్లాస్ బావ:

దీపం గారు చెప్పినదానికి ఈ వైపు సంగతి కూడా వినండి. తన కంపెనీ సమాచారం ఉన్న స్క్రీన్‌ను బయటివారికి తెరిచి చూపినట్టు తేలితే ఇక్కడి వ్యక్తికి ఉద్యోగమే కాదు, దానిమీద ఆధారపడిన వీసా కూడా పోతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారు తమను పిలిపించిన సంస్థకు తప్ప మరెవరికీ పనిచేయకూడదు. అందుకే ఇక్కడ మనవారిలో ఫ్రీలాన్సింగ్ చేసేది ఎక్కువగా గ్రీన్‌కార్డు, పౌరసత్వం వచ్చినవారూ, 2015 మే నుంచి పని అనుమతికి అర్హులైన, హెచ్-4 వీసాతో ఉన్న కొందరు హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములూ. మా ఆవిడ ఆ అనుమతితోనే ఇంటినుంచి డిజైన్ పని మొదలుపెట్టింది.

న్యూయార్క్ నగరంలో 2017 నుంచి, రాష్ట్రమంతటా 2024 ఆగస్టు నుంచి ఫ్రీలాన్సర్ల కోసం చట్టం ఉంది. 800 డాలర్లు, అంతకు మించిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి, తేదీ రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజులలో డబ్బు ఇవ్వాలి. మేముండే టెక్సస్‌లో అటువంటిదేమీ లేదు. అందుకని మా ఆవిడ తన ఒప్పందంలో ఆ 30 రోజుల షరతును తానే రాసుకుంటుంది.

కాకినాడ కలం:

ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. డబ్బు ఆలస్యం గురించి నాదీ ఒక బాధ ఉంది. నాకు పని ఇచ్చే బెంగళూరు సంస్థలలో ఒకటి ఏడు నెలలుగా ఒక ఇన్‌వాయిస్ ఆపి ఉంచింది. మొత్తం లక్షా నలభై వేలు. ఫోను చేసినప్పుడల్లా "అకౌంట్స్‌లో ఉంది సార్" అంటారు. గట్టిగా అడిగితే తరువాతి పని రాదేమోనన్న భయంతో ఊరుకున్నాను. మన దగ్గర న్యూయార్క్ వంటి చట్టం లేదా?

పద్దుపుస్తకం:

ఫ్రీలాన్సర్ల పేరుతో లేదు కానీ, దాదాపు అదే పని చేసే చట్టం 2006 నుంచి ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం అది. ఒంటరిగా సేవలు అందించే వ్యక్తి కూడా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. రుసుము ఏమీ లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. డబ్బు అడిగే నకిలీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోకండి. నమోదైనవారికి కొనుగోలుదారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులలో, ఒప్పందం లేకపోతే 15 రోజులలో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు నిర్ణయించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే అది ఇటువంటి బాకీలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది.

దీనికంటే వేగంగా పనిచేసే ఆయుధం మరొకటి ఉంది. 2023-24 నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని, చెల్లించేంత వరకూ కొనుగోలుదారు తన ఖర్చుగా చూపుకోలేడు. అంటే మీకు ఇవ్వని లక్షా నలభై వేల మీద అతను పన్ను కట్టుకోవాలి. మార్చి నెలలో ఈ విషయాన్ని మర్యాదగా గుర్తుచేస్తూ అకౌంట్స్ విభాగానికి ఒక ఈమెయిలు పంపితే, ఏడు నెలల "అకౌంట్స్‌లో ఉంది" ఏడు రోజులలో తేలిపోవడం నేను చూశాను. కానీ నమోదు పని మొదలుపెట్టక ముందే ఉండాలి, పాత బాకీకి తరువాతి నమోదు ఆసరా కావడం కష్టం. ఈ చట్టంతో జర్మనీ సంస్థను కదిలించాలని చూడకండి. అక్కడ మీకు రక్ష ముందుగా తీసుకునే అడ్వాన్సే.

నల్లకోటు (హన్మకొండ):

న్యాయవాదిగా రెండు మాటలు చెప్పాలి, ఒక ప్రశ్న అడగాలి.

మొదటి మాట హక్కుల గురించి. ఉద్యోగిగా రాసినదానిపై కాపీరైట్ సంస్థది. ఫ్రీలాన్సర్‌గా రాసినదానికి, ఒప్పందం మరో విధంగా లేకపోతే, 1957 నాటి చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం మొదటి యజమాని రచయితే. డబ్బు తీసుకుని తీసిపెట్టిన ఫొటోల వంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది కనుక చిన్నోడు గారి స్టూడియోలు దానిని గమనించాలి. హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలవ్యవధి రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. చాలామంది ఏజెన్సీల ఒప్పందం చదవకుండా సంతకం పెట్టి, తమ రచననంతటినీ శాశ్వతంగా ఇచ్చేస్తున్నారు. ఇవ్వవద్దని నేననను, ఇస్తున్నామని తెలిసి, దానికి ధర కట్టి ఇవ్వమంటాను.

రెండవది సామాజిక భద్రత గురించి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అగ్రిగేటర్లు, అంటే పని ఇచ్చేవారినీ చేసేవారినీ ఆన్‌లైన్‌లో కలిపే వేదికలు, తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించిన దానిలో 5 శాతం మించకుండా, సంక్షేమ నిధికి ఇవ్వాలి. దీనిని డెలివరీ కుర్రవాళ్ల చట్టమనే అందరూ అనుకుంటున్నారు. కానీ అగ్రిగేటర్ల జాబితా ఉన్న ఏడవ షెడ్యూలులో వృత్తి సేవలూ, కంటెంట్, మీడియా సేవలూ కూడా ఉన్నాయి. కాగితం మీద చూస్తే వేదికల ద్వారా పని తీసుకునే రచయితకు, డిజైనరుకు కూడా అందులో చోటుంది. విదేశాల్లో కూర్చున్న వేదికల నుంచి ఆ వాటా ఎలా రాబడతారన్నది వేరే ప్రశ్న. పరిచయాల మీద నేరుగా పని తెచ్చుకునే కలం గారికీ, పదబంధం గారికీ మాత్రం మధ్యలో అగ్రిగేటరే లేడు కనుక ఆ నిధికి వాటా కట్టేవారూ లేరు. పద్నాలుగేళ్ల అనుభవం ఉన్న అనువాదకురాలి వృద్ధాప్యం ఆమె సొంత బాధ్యతగానే మిగిలింది.

ఇక ప్రశ్న. కలం గారూ, మీ నియామక పత్రంలో బయటి పని గురించి ఏమి రాసి ఉంది?

కాకినాడ కలం:

మీ ప్రశ్న చూశాక బీరువాలోంచి తీసి చదివాను. ముందస్తు అనుమతి లేకుండా ప్రతిఫలం తీసుకుని మరే పనీ చేయరాదని ఉంది. పదకొండేళ్ల క్రితం చదవకుండానే సంతకం పెట్టాను.

నల్లకోటు:

అయితే మీ మొదటి సమస్య ఫ్రీలాన్సింగ్ భవిష్యత్తు కాదు. 2022లో విప్రో పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని 300 మందిని తొలగించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీ క్లయింట్లు మీ సంస్థకు పోటీదారులు కాకపోవచ్చు, అయినా అనుమతి లేకపోవడం అనుమతి లేకపోవడమే. రాజీనామా చేసి మర్యాదగా వెళ్లడానికీ, తొలగింపు కాగితంతో వెళ్లడానికీ రేపు కొత్త క్లయింటు దృష్టిలో చాలా తేడా ఉంటుంది.

రాత్రిదీపం:

ఇదంతా సరే, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక రాతపని చేసేవారికి అసలు భవిష్యత్తు ఎక్కడుంది? ఉద్యోగం వదిలి మునిగిపోయే పడవ ఎక్కుతున్నట్టు ఉంది.

పదబంధం:

మునిగిందీ ఉంది, తేలిందీ ఉంది. దాచకుండా చెబుతాను. పదానికి ఇంతని ఇచ్చే మా పనిలో, ఇదివరకు అనువదించిన వాక్యాలకు రేటు కోయడం చాలాకాలంగా ఉన్నదే. ఇప్పుడు యంత్రం చేసిన అనువాదాన్ని సరిదిద్దే పని ముప్పాతిక భాగమైంది, నాకు ఇచ్చేది పాత రేటులో సగానికి దిగింది. వాషింగ్ మెషీన్ పుస్తకాలు, యాప్ సందేశాలు వంటివి ఇక వెనక్కు రావు. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన భాషిణి కూడా మన భాషలలో యంత్రానువాదాన్ని పెంచడానికే.

అయితే యంత్రం తెలుగు వాక్యం కూర్చగలుగుతోంది కానీ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మరిచిపోతోంది. ఒక ఆసుపత్రి సమ్మతి పత్రంలో మొదటి పేరాలో రోగిని "మీరు" అని, మూడవ పేరాలో "నువ్వు" అని, ఆఖరున "అతడు" అని రాసింది. ఆ రోగి గర్భిణి. ఇటువంటి చోట తప్పుకు బాధ్యత వహిస్తూ సంతకం పెట్టే మనిషి కావాలి. వైద్య పరీక్షల సమ్మతి పత్రాలకూ, కోర్టు పత్రాలకూ నా రేటు తగ్గలేదు, పెరిగింది. కలం గారి పనిలోనూ అంతే. తెరమీద ఉన్న బటన్లను వివరించే రాత పోతుంది. ఇంజినీర్లతో కూర్చుని, వారు చెప్పనిది రాబట్టి రాసేవారికి పని ఉంటుంది. మీ మూడు సంస్థలు మీతో ఏ రకం పని చేయిస్తున్నాయో మాకు చెప్పలేదు. దానినిబట్టే నా సలహా.

కాకినాడ కలం:

నిజం చెప్పాలంటే బెంగళూరు సంస్థలవి రెండూ మొదటి రకమే. జర్మనీ వారిది రెండవ రకం, వారానికి రెండుసార్లు వారి ఇంజినీర్లతో కూర్చుంటాను. నాకు నిలిచే క్లయింటు ఒక్కరే అన్నమాట.

మా మేనేజరుతో నిన్న మాట్లాడాను. జర్మనీ పనికి రాతపూర్వక అనుమతి అడిగాను, హెచ్‌ఆర్ విభాగానికి పంపుతామన్నారు. అది వచ్చేవరకూ కొత్త పనులు ఒప్పుకోవడం ఆపాను. ఉద్యమ్ నమోదు పూర్తి చేశాను. రాజీనామా ఆలోచనను వచ్చే ఏడాదికి వాయిదా వేశాను. అప్పటికి రెండవ రకం పని ఇచ్చే క్లయింటు ఇంకొకరైనా ఉండాలన్నది నాకు నేను పెట్టుకున్న షరతు. పద్దుపుస్తకం గారూ, పదకొండేళ్లకు గ్రాట్యుటీ ఎంత వస్తుంది? దానిని ఇంటి రుణానికి కట్టకుండా విడిగా ఉంచాలని మా ఆవిడ అంటోంది.

పద్దుపుస్తకం:

ఏడాదికి పదిహేను రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. పదకొండేళ్లకు ఆరు నెలల పైచిలుకు మూలవేతనం వస్తుంది. మీ ఆవిడ చెప్పినట్టే చేయండి, దానిని మూఢాల ఖాతా అని పేరు పెట్టి వేరే బ్యాంకులో వేయండి. మరొక సంగతి, సంస్థ బీమా రాజీనామాతో ఆగిపోతుంది కనుక సొంత ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఉంటుంది, అందులో కొంతైనా మీరు ఉద్యోగంలో ఉండగానే గడుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ కూడా లేదు.

ఆల్బమ్ చిన్నోడు:

అన్నా, ఉద్యమ్ నమోదుకు స్టూడియో అద్దె కాగితం కావాలా? నేను ఇంట్లోనే పనిచేస్తాను.

పద్దుపుస్తకం:

అక్కరలేదు తమ్ముడూ. ఇంటి చిరునామా సరిపోతుంది. ఆధార్‌కు జతచేసిన ఫోను నంబరు దగ్గర పెట్టుకో, ఓటీపీ దానికే వస్తుంది.